శిక్ష పడ్డాక ఏం చేయొచ్చు? అప్పీలు, జామీను, శిక్ష తగ్గింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిమినల్ కేసులో శిక్ష పడినవాళ్ల ఇంటివాళ్లు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుంటే చాలు, మొత్తం చదవక్కర్లేదు. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో పెద్దవాళ్ల మీద నడిచిన కేసుల గురించి. 2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది. కోర్టు వరండాల్లో ఇంకా పాత నంబర్లే వినబడుతున్నాయి కాబట్టి ముఖ్యమైన చోట్ల రెండూ ఇచ్చాను.

## తీర్పు వచ్చిన రోజు

మా ఆయనకి ఈ రోజే శిక్ష పడింది. జైలుకి పంపకుండా ఆపొచ్చా?

కొన్ని కేసుల్లో ఆపొచ్చు. శిక్ష 3 ఏళ్లకు మించకుండా ఉండి, ఆయన అప్పటిదాకా జామీను మీద బయటే ఉండి, అప్పీలుకి వెళ్తామని చెబితే, శిక్ష వేసిన కోర్టే పై కోర్టు ఆర్డరు తెచ్చుకోవడానికి సరిపడా రోజులు జామీను ఇవ్వొచ్చు. నేరం బెయిలబుల్ (జామీను హక్కుగా దొరికేది) అయి, ఆయన జామీను మీద ఉన్నా అంతే. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 430, పాత 389.

ఈ పిటిషన్ ఆ రోజే పడాలి. కాబట్టి తీర్పు తేదీ తెలియగానే లాయరుతో రాయించి పెట్టుకోండి. ఇద్దరు షూరిటీలు (పూచీ ఉండేవాళ్లు) తమ కాగితాలతో ఆ రోజు కోర్టు దగ్గరే ఉండాలి. "కేసు కొట్టేస్తారులే" అన్న ధీమాతో ఒంటరిగా వెళ్లి, సాయంత్రం షూరిటీల కోసం ఊరికి ఫోన్లు చేసేవాళ్లే ఎక్కువ. శిక్ష 3 ఏళ్లు దాటిన నాన్‌బెయిలబుల్ కేసైతే ఆ కోర్టు చేతిలో ఏమీ ఉండదు, పై కోర్టుకే వెళ్లాలి.

తీర్పు కాపీకి డబ్బులు కట్టాలా? ఇంగ్లిష్‌లో ఉంటే మాకెలా అర్థమవుతుంది?

జైలు శిక్ష పడితే తీర్పు చెప్పిన వెంటనే ఒక కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. అప్పీలుకి వీలున్న కేసైతే, దరఖాస్తు పెట్టుకున్నప్పుడు సర్టిఫైడ్ కాపీ కూడా ఉచితమే (సెక్షన్ 404, పాత 363). వీలైతే ముద్దాయి భాషలో అనువాదం ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది, కానీ తెలుగులో కావాలని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడగండి.

కాపీ దరఖాస్తు మర్నాడే పెట్టేయండి. ఎప్పుడు దరఖాస్తు చేశారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అన్న తేదీలు కాపీ మీద ఉంటాయి. కాపీకి పట్టిన ఆ రోజుల్ని అప్పీలు గడువులోంచి తీసేస్తారు. మీరు దరఖాస్తు పెట్టకుండా ఊరుకున్న రోజుల్ని మాత్రం తీసేయరు.

లాయరుకి ఫీజు ఇచ్చుకునే స్తోమత లేదు. అప్పీలు వదులుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 ప్రకారం జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరునివ్వాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు కూడా ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హైకోర్టులో అప్పీలైతే అక్కడి లీగల్ సర్వీసెస్ కమిటీ చూసుకుంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. దోషికి తీర్పు కాపీ, అప్పీలుకి న్యాయ సహాయం అందడం హక్కు అని సుప్రీంకోర్టు 1978లోనే హోస్కోట్ కేసులో చెప్పింది.

ఉచిత లాయరు సరిగా వాదించరనే అనుమానం చాలామందికి ఉంది. బాగా పనిచేసేవాళ్లూ ఉంటారు, చేయనివాళ్లూ ఉంటారు. డబ్బు తీసుకునే లాయర్లలోనూ అంతేగా. నచ్చకపోతే మార్చమని ఆ సంస్థకే అర్జీ ఇవ్వొచ్చు.

మొదటిసారి తప్పు చేస్తే జైలు లేకుండా వదిలేస్తారట కదా?

ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 అంటే అదే. మరణశిక్ష గానీ జీవిత ఖైదు గానీ పడే నేరం కాకపోతే, మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని కోర్టు వదిలేయొచ్చు. 21 ఏళ్ల లోపు వాళ్ల విషయంలో ఇంకా నయం: జైలుకి పంపాలంటే ఎందుకు పంపాల్సి వచ్చిందో జడ్జి కారణాలు రాయాలి. కింది కోర్టులో అడగడం మర్చిపోయినా అప్పీలులో అడగొచ్చు. కనీస శిక్ష పెట్టిన ప్రత్యేక చట్టాల్లో మాత్రం ఇది దొరకడం కష్టం.

## అప్పీలు వేయడం

మా కేసు అప్పీలు ఏ కోర్టులో వేయాలి? ఎన్ని రోజుల్లో?

మేజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకి వెళ్లాలి, గడువు 30 రోజులు. సెషన్స్ జడ్జి లేదా అదనపు సెషన్స్ జడ్జి వేసిన శిక్ష మీద హైకోర్టుకి, గడువు 60 రోజులు. పోక్సో, ఏసీబీ ప్రత్యేక కోర్టుల తీర్పుల మీద కూడా హైకోర్టుకే. మరణశిక్ష పడితే 30 రోజులే. అయితే హైకోర్టు ఖరారు చేయకుండా ఆ శిక్ష అమలు కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కేసుల్లో గడువు 90 రోజులు.

తెలంగాణ కేసులకి హైకోర్టు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్ కేసులకి అమరావతిలో. 2019 జనవరి 1 నుంచి రెండూ వేర్వేరు. కర్నూలు కేసుకి హైదరాబాద్ దగ్గరైనా అమరావతికే వెళ్లాలి.

గడువు దాటిపోయింది. ఇక అంతేనా?

కాదు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని అప్పీలుతో పాటు పిటిషన్ వేయాలి. లాయర్లు డిలే కండోనేషన్ అనేది దీన్నే. మనిషి జైల్లో ఉన్నాడు, ఇంట్లో జబ్బు, కాపీ అందలేదు లాంటి కారణాలకి కాగితం చూపిస్తే కోర్టులు సాధారణంగా కనికరిస్తాయి. "తెలియక" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఏ నెలలో ఎందుకు ఆగిందో వరసగా చెప్పాలి, ఆసుపత్రి చీటీయో జైలు సర్టిఫికెట్టో జత చేయాలి. లేని జబ్బుకి సర్టిఫికెట్ పుట్టించొద్దు, దొరికిపోతే అసలు అప్పీలుకే మచ్చ.

జైల్లో ఉన్న మనిషి తనే అప్పీలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. అప్పీలు పిటిషన్, తీర్పు కాపీ జైలు సూపరింటెండెంటుకి ఇస్తే ఆయన సంబంధిత కోర్టుకి పంపాలి (సెక్షన్ 424, పాత 383). దీన్ని జైలు అప్పీలు అంటారు. చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమహేంద్రవరం, విశాఖ, కడప, నెల్లూరు, ఏ కేంద్ర కారాగారంలో ఉన్నా ఇదే పద్ధతి. బయట లాయరుని పెట్టుకుంటే వకాల్తా మీద ఖైదీ సంతకం జైల్లోనే తీసుకుని, అధికారి ధ్రువీకరణతో ఇప్పిస్తారు.

మా తమ్ముడు కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. అప్పీలు ఉంటుందా?

నేరం రుజువైందా లేదా అన్నది మళ్లీ తిరగదోడలేరు. శిక్ష మరీ ఎక్కువైందనో, చట్టం ప్రకారం ఆ శిక్ష వేయడానికి వీల్లేదనో మాత్రం అప్పీలు చేయొచ్చు. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష 3 నెలలు మించకపోయినా, మేజిస్ట్రేట్ వంద రూపాయల్లోపు జరిమానాతో సరిపెట్టినా, అలాంటి చిన్న శిక్షలకి అప్పీలు లేదు. రివిజన్ (కింది కోర్టు నిర్ణయంలో చట్టపరమైన తప్పుందేమో చూడమని పై కోర్టుని అడగడం) ఒక్కటే దారి.

అప్పీలు వేస్తే ఉన్న శిక్ష ఇంకా పెంచుతారని భయపెడుతున్నారు. నిజమేనా?

మీరు వేసిన అప్పీలులో శిక్ష పెంచడానికి వీల్లేదు. చట్టంలోనే అలా రాసి ఉంది. శిక్ష చాలదని ప్రభుత్వం విడిగా అప్పీలు వేస్తే పెరగొచ్చు, అప్పుడు కూడా మీకు నోటీసు ఇచ్చి మీ మాట వినాలి. బాధితులకి, ముద్దాయిని నిర్దోషిగా వదిలేయడం మీద, తక్కువ నేరంగా తేల్చడం మీద, పరిహారం చాలదని అప్పీలు చేసే హక్కుంది గానీ శిక్ష పెంచమని అప్పీలు చేసే హక్కు లేదు. ఈ భయంతో గడువు పోగొట్టుకోవద్దు.

## అప్పీలు నడుస్తుండగా జామీను

అప్పీలు వేసినంత మాత్రాన బయటికి వస్తారా?

రారు. శిక్ష అమలు ఆపి జామీను ఇవ్వమని విడిగా పిటిషన్ వేయాలి. సస్పెన్షన్ ఆఫ్ సెంటెన్స్ అంటారు దీన్ని. విచారణ సమయంలో ముద్దాయి నిర్దోషి అన్న ఊహ ఉంటుంది. శిక్ష పడ్డాక అది ఉండదు. కాబట్టి "జామీను పొందడం హక్కు" అన్న వాదన ఇక్కడ పనికిరాదు.

కోర్టు చూసేవి కొన్ని ఉన్నాయి. తీర్పులో పైకే కనిపించే లోపం ఉందా, విచారణలో జామీను దుర్వినియోగం చేశాడా, ఇప్పటికే ఎంతకాలం జైల్లో ఉన్నాడు, అప్పీలు ఎప్పటికి తేలుతుంది. రెండేళ్లు, మూడేళ్లు, అయిదేళ్లు లాంటి నిర్ణీత శిక్షల్లో, ప్రత్యేక కారణాలేమీ లేకపోతే ఉదారంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. అప్పీలు తేలేలోపు శిక్షే అయిపోతే అప్పీలుకి అర్థం ఉండదు కదా. హత్య లాంటి కేసుల్లో అంత తేలిక కాదు. మరణశిక్ష, జీవిత ఖైదు, లేదా 10 ఏళ్లకు తక్కువ కాని శిక్ష పడే నేరాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటరుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే వదలాలి.

ఒకసారి కొట్టేశారని కుంగిపోవద్దు. కొంతకాలం గడిచాక, పరిస్థితి మారినప్పుడు మళ్లీ వేయొచ్చు.

మా నాన్నకి యావజ్జీవం. హైకోర్టులో అప్పీలు ఏళ్ల తరబడి కదలడం లేదు. ఏదైనా దారి ఉందా?

ఉంది, ఇది మన రెండు రాష్ట్రాలకి సొంతమైన దారి. జీవిత ఖైదు పడి, అప్పీలు తేలకుండానే 5 ఏళ్లు జైల్లో గడిపినవాళ్లకి జామీను ఇచ్చే విషయంలో ఉమ్మడి హైకోర్టు డివిజన్ బెంచ్ 2016లో మార్గదర్శకాలిచ్చింది. కొన్ని తీవ్రమైన నేరాలకి మినహాయింపులున్నాయి. క్రిమినల్ అప్పీళ్లు చూసే లాయర్లకి ఆ తీర్పు పేరు నోటికొచ్చు. 5 ఏళ్లు దాటితే మీ లాయరుని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఆ తీర్పు కింద పిటిషన్ వేశారా?" ఇంటివాళ్లు అడగకపోతే ఈ పిటిషన్ ఫైల్లోనే ఉండిపోతుంది.

చెక్ బౌన్స్ కేసులో శిక్ష పడింది. అప్పీలుకి 20 శాతం కట్టమంటున్నారు. తప్పదా?

మన జిల్లాల్లో అప్పీలు అంటే ఎక్కువగా ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 148 ప్రకారం, కింది కోర్టు వేసిన జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం కట్టమని అప్పీలు కోర్టు ఆదేశించొచ్చు. 60 రోజుల్లో కట్టాలి, కారణం చూపితే ఇంకో 30 రోజులు ఇస్తారు. సాధారణంగా కట్టమనే అంటారు. అయితే మినహాయింపే లేదన్నది తప్పు. కడితేనే అప్పీలు హక్కు దక్కుతుందనే పరిస్థితి అన్యాయమయ్యే ప్రత్యేక కేసుల్లో కోర్టు మినహాయించొచ్చని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. ఆ మినహాయింపుని కారణాలతో అడగాలి, అడగకుండా రాదు. కట్టిన డబ్బు అవతలివాళ్లు తీసుకున్నా, చివరికి మీరు గెలిస్తే వడ్డీతో తిరిగివ్వాలి.

రాజీకి ఏ దశలోనైనా వీలుంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లాక కూడా. కాకపోతే పైకి వెళ్లేకొద్దీ ఖర్చుల కింద కట్టే శాతం పెరుగుతుంది. అసలు ఇవ్వాల్సిన బాకీ నిజమే అయితే, నా మాట వినండి, అప్పీలు మీద పెట్టే ఖర్చు రాజీ మీద పెట్టడం మేలు. లోక్ అదాలత్‌లో ఇవి రోజూ తేలుతున్నవే. ఒకే అప్పుకి నాలుగైదు చెక్కులిచ్చి నాలుగైదు కేసుల్లో శిక్షలు పడితే, అన్నీ కలిపి ఏకకాలంలో నడిచేలా ఆదేశించమని కూడా అడగాలి. అడగకపోతే ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాల్సి రావొచ్చు.

జామీను మీద బయట ఉన్న రోజులు శిక్షలో కలుస్తాయా?

కలవవు. అప్పీలు ఓడిపోతే, ఆ రోజుల్ని శిక్ష కింద లెక్కపెట్టకుండా, మిగిలిన శిక్షంతా అనుభవించాలి.

## ఉద్యోగం, పదవి, పాస్‌పోర్టు

శిక్ష ఆగింది కదా, ఉద్యోగం కూడా నిలబడినట్టేనా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. శిక్ష ఆపడం వేరు, దోషి అన్న నిర్ధారణనే ఆపడం వేరు. మొదటిది వస్తే మనిషి బయటికొస్తాడు, దోషి అన్న ముద్ర అలాగే ఉంటుంది. ప్రభుత్వోద్యోగిని ఆ ముద్ర ఆధారంగా, అప్పీలు తేలేదాకా ఆగకుండా, రాజ్యాంగం 311వ అధికరణ కింద మామూలు విచారణ లేకుండానే తొలగించొచ్చు. ప్రొబేషన్ మీద వదిలేసినా శాఖాపరమైన చర్య తప్పుతుందన్న గ్యారంటీ లేదు.

దోషి నిర్ధారణని ఆపే అధికారం అప్పీలు కోర్టుకి ఉంది, కానీ అరుదుగా వాడతారు. ఆపకపోతే మళ్లీ సరిదిద్దలేని నష్టం ఏమిటో పిటిషన్‌లో విడమరిచి చెప్పాలి. "ఉద్యోగం పోతుంది" అన్న ఒక్క కారణానికి, అందులోనూ ఏసీబీ కేసుల్లో, కోర్టులు ఒప్పుకోవడం చాలా తక్కువ. అప్పీలులో నిర్దోషిగా తేలితే తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని శాఖకి అర్జీ పెట్టుకోవాలి.

సర్పంచ్, ఎమ్మెల్యే లాంటి పదవుల సంగతి?

ఎంపీ, ఎమ్మెల్యేలకి 2 ఏళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత, విడుదలయ్యాక ఇంకో 6 ఏళ్లు. అప్పీలు వేసి పదవిలో కొనసాగే వెసులుబాటుని సుప్రీంకోర్టు 2013 జులైలో లిలీ థామస్ కేసులో కొట్టేసింది. రాహుల్ గాంధీకి 2023 మార్చిలో సూరత్ కోర్టు 2 ఏళ్ల శిక్ష వేసినప్పుడు శిక్ష అమలు ఆగినా ఎంపీ పదవి పోయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు దోషి నిర్ధారణనే ఆపాక తిరిగొచ్చింది. స్థానిక సంస్థల పదవులకి రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్, మున్సిపల్ చట్టాల్లో విడిగా నియమాలున్నాయి.

అప్పీలు పెండింగ్‌లో ఉంది. పాస్‌పోర్టు రెన్యువల్ చేస్తారా?

దరఖాస్తుకి ముందు 5 ఏళ్లలోపు, నైతిక పతనానికి సంబంధించిన నేరంలో, 2 ఏళ్లకు తక్కువ కాని శిక్ష పడి ఉంటే నిరాకరించొచ్చు. అలా కానప్పుడు, అప్పీలు పెండింగ్‌లో ఉందన్న కారణంతో రెన్యువల్ ఆపకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసులో ఆపితే ఆ తీర్పు జతచేసి రాతపూర్వకంగా అడగండి, అయినా కాకపోతే హైకోర్టులో రిట్. దేశం దాటడానికి మాత్రం జామీను షరతులు చూసుకోవాలి, కోర్టు అనుమతి కావాల్సి రావొచ్చు.

## అప్పీలు విచారణ

వాయిదాకి మా లాయరు వెళ్లలేదు. అప్పీలు కొట్టేస్తారా?

ఎవరూ రాలేదన్న కారణంతోనే క్రిమినల్ అప్పీలుని కొట్టేయకూడదు. రికార్డు చూసి మంచిచెడ్డలు తేల్చాలి, 1996లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కానీ వాదించేవాళ్లు లేని అప్పీలు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఇచ్చే ప్రత్యేక నంబరు) కొడితే వాయిదాలు మీకే కనిపిస్తాయి.

నేరం జరిగినప్పుడు మావాడికి 18 నిండలేదు. అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా. బాలల న్యాయ చట్టం, 2015 సెక్షన్ 9 ఈ వీలిచ్చింది. ముందు బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. 2025 జనవరిలో ఉత్తరాఖండ్ కేసు ఒకదానిలో, ఒకప్పుడు మరణశిక్ష కూడా పడిన మనిషిని, పాతికేళ్ల జైలు తర్వాత, నేరం నాటికి మైనరని తేల్చి సుప్రీంకోర్టు విడుదల చేసింది. అనుమానం ఉంటే ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టరు తీయించండి.

అప్పీలు నడుస్తుండగా మనిషి చనిపోతే?

కేసు ముగిసిపోతుంది, కానీ దోషి అన్న ముద్ర ఉండిపోతుంది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు 30 రోజుల్లో అనుమతి అడిగితే అప్పీలు కొనసాగించొచ్చు. పరువు కోసమే కాదు, పోయిన ఉద్యోగం తాలూకు బకాయిలు, పెన్షన్ దీని మీదే ఆధారపడే సందర్భాలున్నాయి.

## అప్పీలు ఓడిపోతే

సెషన్స్ కోర్టులోనూ ఓడిపోయాం. హైకోర్టుకి రెండో అప్పీలు ఉందా?

అప్పీలు కాదు, రివిజన్. 90 రోజుల గడువు. సాక్ష్యాలన్నీ మళ్లీ తూచరు. చట్టపరమైన తప్పు, అడ్డగోలు నిర్ణయం ఉంటేనే కలగజేసుకుంటారు. శిక్ష తగ్గించమని అడగడానికి మాత్రం ఇది మంచి చోటే.

సుప్రీంకోర్టుకి అందరూ వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ వినాలా వద్దా అన్నది ఆ కోర్టు ఇష్టం. 136వ అధికరణ కింద 90 రోజుల్లో స్పెషల్ లీవ్ పిటిషన్ వేయాలి, మరణశిక్ష కేసుల్లో 60 రోజుల్లో. కింది కోర్టు నిర్దోషి అని వదిలేసినా హైకోర్టు దాన్ని తిరగరాసి జీవిత ఖైదో, 10 ఏళ్లకు తక్కువ కాని శిక్షో, మరణశిక్షో వేస్తే మాత్రం అది హక్కుగా వచ్చే అప్పీలు. జైలు శిక్ష పడినవాళ్లు లొంగిపోయినట్టు కాగితం పెట్టాలి, లేదా మినహాయింపు అడగాలి. ఆ తర్వాత రివ్యూ (తీర్పుని మళ్లీ చూడమని అదే కోర్టుని అడగడం), అదీ పోతే చివరి ప్రయత్నంగా క్యూరేటివ్ పిటిషన్. వాటితో ఫలితం మారడం చాలా అరుదు. ఇల్లు తాకట్టు పెట్టి ఆ దాకా వెళ్లేముందు ఇంకో లాయరు అభిప్రాయం తీసుకోండి.

## జైల్లో ఉండగా

విచారణలో జైల్లో గడిపిన రోజులు లెక్కలోకి వస్తాయా?

వస్తాయి, అదే కేసులో ఉన్న రోజులన్నీ తగ్గిస్తారు (సెక్షన్ 468, పాత 428). జైలు వారెంటులో ఆ తేదీలు సరిగా పడ్డాయో లేదో చూసుకోండి. జరిమానా కట్టకపోతే పడే జైలు దీనికి అదనం.

యావజ్జీవం అంటే 14 ఏళ్లే కదా?

కాదు. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం. మరణశిక్షకీ వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, ముందస్తు విడుదల గురించి ప్రభుత్వం ఆలోచించడానికైనా కనీసం 14 ఏళ్లు నిజంగా జైల్లో గడిపి ఉండాలి (సెక్షన్ 475, పాత 433ఏ). అది అర్హత మాత్రమే, విడుదల కాదు. 161వ అధికరణ కింద గవర్నరుకున్న అధికారానికి ఈ 14 ఏళ్ల నిబంధన అడ్డు కాదు. అందుకే కొన్నిసార్లు ప్రత్యేక జీవోలతో అంతకు ముందే విడుదలలు జరుగుతుంటాయి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 213 మందిని వదిలింది.

ముందస్తు విడుదల విధానం ఉన్న రాష్ట్రంలో అర్హులైన ఖైదీలు దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. జాబితాలో పేరుందో లేదో ములాఖత్‌లో కనుక్కోండి, లేకపోతే ఎందుకు లేదో సూపరింటెండెంటుని రాతపూర్వకంగా అడగండి. జాబితాలో పేరు పెట్టిస్తామని డబ్బులడిగే బ్రోకర్లని దగ్గరికి రానివ్వొద్దు. పలుకుబడితో వచ్చిన తగ్గింపు నిలవకపోవచ్చు కూడా: ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక కేసులో ఇచ్చిన శిక్ష తగ్గింపుని 2006లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. పార్టీ, కులం లాంటివి చూసి క్షమాభిక్ష ఇవ్వడం చెల్లదంది.

చెల్లెలి పెళ్లికి, తల్లి అంత్యక్రియలకి పంపిస్తారా?

పెరోల్ కోసం జైలు సూపరింటెండెంటు ద్వారా దరఖాస్తు పెట్టాలి. పోలీసు రిపోర్టు తెప్పించుకుని నిర్ణయిస్తారు. పెళ్లి లాంటి ముందే తెలిసిన పనికి శుభలేఖ జతచేసి వీలైనంత ముందుగా ఇవ్వండి, పోలీసు రిపోర్టు దగ్గరే ఆలస్యమవుతుంది. మరణం లాంటి అత్యవసరాల్లో హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు వినమని వేసే అత్యవసర పిటిషన్) వేసి తాత్కాలిక జామీను అడిగేవాళ్లూ ఉన్నారు. చెప్పిన రోజుకి తిరిగి రాకపోతే ఆ తర్వాత ఏ తగ్గింపూ అడిగే ముఖం ఉండదు.

శిక్ష పూర్తయింది. రికార్డు చెరిపేయించుకోవచ్చా?

పెద్దవాళ్ల నేరాలకి మన దేశంలో అలాంటి సాధారణ పద్ధతి లేదు. ఉద్యోగ దరఖాస్తులో అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. వివరాలు దాచడమే ఉద్యోగం పోవడానికి విడిగా కారణమవుతుంది. అప్పీలులో నిర్దోషిగా తేలితే దోషి నిర్ధారణే రద్దవుతుంది. ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి పెట్టుకోండి, ఒకటి మీ పోలీస్ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి.